రోగనిరోధక శక్తి సన్నగిల్లినవారిలో ఊపిరితిత్తుల జబ్బు: నిర్ధారణకు ఒక దారి

గుంటూరు మిర్చి యార్డులో సీజను జోరుగా సాగే రోజుల్లో దగ్గని మనిషి కనిపించడు. ఘాటు ముక్కుకు రుమాలు కట్టుకున్నవాడిని కూడా వదలదు. అందువల్ల అక్కడ టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే హమాలీ ఎవరైనా మూడు వారాలుగా దగ్గుతున్నానంటే ఇంట్లోవాళ్ళూ, ఒక్కొక్కసారి వైద్యులూ, తప్పంతా ఘాటు మీదికే నెట్టేస్తారు. చాలా ఏళ్ళ క్రితం నేను అంతకంటే కాస్త మెరుగైన పొరపాటు చేశాను. షుగరు 300 దాటిన ఒక హమాలీకి ఎక్స్‌రే తీయించి, కుడి ఊపిరితిత్తి కింది భాగంలో మచ్చ చూసి, న్యుమోనియా అనుకొని లీవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ రాశాను. అయిదో రోజుకు జ్వరం తగ్గింది. ఆయన దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. రెండు నెలల తర్వాత రెండు ఊపిరితిత్తుల నిండా టీబీతో, పది కిలోలు తగ్గి తిరిగి వచ్చాడు. ఆ మందు టీబీ క్రిమిని చంపకుండా కొంతకాలం అణచిపెడుతుందనీ, షుగరు ఉన్నవారిలో టీబీ పై భాగానికి బదులు కింది భాగంలోనూ వస్తుందనీ నాకు తెలియక కాదు. మందు చీటీ రాయడానికి ముందు తెమడ డబ్బా చేతికివ్వాలన్న క్రమం అప్పటికి నాకు అలవాటు కాలేదు.

విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ నర్సింగ్ హోముల్లో పనిచేస్తున్న యువ వైద్యుల కోసం ఆ క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను. రోగుల బంధువులు చదివినా నష్టం లేదు, పైగా వారు అందించగలిగిన సమాచారమే ఇందులో సగం ఉంటుంది.

ముందుగా తేల్చవలసినది: ఏ కాపలా లేదు?

రోగనిరోధక శక్తి తగ్గిందని రాసి ఊరుకుంటే ప్రయోజనం లేదు. ఊరి పొలిమేరలో ఒకడు, వీధి మొదట్లో ఒకడు, గడపలో ఒకడు కాపలా ఉన్నట్టు శరీరంలోనూ వేరువేరు కాపలాలు ఉంటాయి. వాటిలో ఏది లేదో తెలిస్తే లోపలికి వచ్చినవాడెవడో చాలావరకు ఊహించవచ్చు.

కీమోథెరపీ తర్వాత, క్రిములను మింగే తెల్లకణాలైన న్యూట్రోఫిల్ కణాలు 500 (ఒక మైక్రోలీటరు రక్తంలో) కంటే తగ్గినప్పుడు మొదటి వారంలో బ్యాక్టీరియా, కణాలు పది రోజులకు మించి లేవకపోతే ఆస్పర్‌జిల్లస్, మ్యూకర్ వంటి బూజులు వస్తాయి. హెచ్‌ఐవీలోనూ, కిడ్నీ మార్పిడి తర్వాత వాడే మందుల వల్లనూ, దీర్ఘకాలం స్టెరాయిడ్ వాడినప్పుడూ దెబ్బతినేది టీ కణాల కాపలా. ఆ దారిన టీబీ, న్యుమోసిస్టిస్, క్రిప్టోకాకస్ అనే బూజు జాతి క్రిములు, నొకార్డియా అనే బ్యాక్టీరియా, సైటోమెగలో వైరస్ వస్తాయి. రిటుక్సిమాబ్ సూది (బీ కణాలను తగ్గించే మందు) తీసుకున్నవారిలోనూ, మైలోమా అనే మజ్జ క్యాన్సర్ ఉన్నవారిలోనూ, ప్లీహం తీసేసినవారిలోనూ యాంటీబాడీల లోపం వల్ల న్యుమోకాకస్ వంటి క్రిములు విజృంభిస్తాయి. రిటుక్సిమాబ్ ప్రభావం చివరి సూది తర్వాత ఆరు నెలలకు పైగా ఉంటుంది. అటువంటివారిలో కోవిడ్ కూడా వారాల తరబడి వదలకుండా సాగిన సందర్భాలున్నాయి. కీళ్ళవాతానికి ఇచ్చే అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి సూదులు నిద్రపోతున్న టీబీని లేపుతాయి.

హెచ్‌ఐవీలో సీడీ4 సంఖ్య (రక్తంలో ఒక రకం టీ కణాల లెక్క) చాలా ఉపయోగపడుతుంది. టీబీకి, మామూలు బ్యాక్టీరియా న్యుమోనియాకు ఏ సంఖ్యా అడ్డు కాదు. 200 కంటే తగ్గితే న్యుమోసిస్టిస్, 100 కంటే తగ్గితే క్రిప్టోకాకస్, 50 కంటే తగ్గితే సైటోమెగలో వైరస్, టీబీ జాతికే చెందిన ఇతర మైకోబ్యాక్టీరియాలు ఆలోచనలోకి రావాలి. అవయవ మార్పిడి జరిగినవారిలో నెలలు లెక్కపెట్టాలి: మొదటి నెలలో వచ్చేవి ఎక్కువగా ఆసుపత్రి క్రిములు, ఒకటి నుంచి ఆరు నెలల మధ్య అవకాశవాద క్రిములు (రక్షణ తగ్గినప్పుడే దాడి చేసేవి), ఆ తర్వాత మనందరికీ వచ్చే న్యుమోనియాలే. కాని కొత్త అవయవాన్ని శరీరం తిరస్కరించి, మందుల మోతాదు పెంచవలసి వస్తే ఆ లెక్క మళ్ళీ మొదటికి వస్తుంది. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రి (జీజీహెచ్)లో 2016లోనే గుండె మార్పిడి జరిగిందని గుర్తుంచుకుంటే, ఇటువంటి రోగి మన గదిలోకి రావడం అరుదేమీ కాదని అర్థమవుతుంది.

ఇక మన జిల్లాల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించే కారణం షుగరు. దాన్ని చాలామంది రోగనిరోధక లోపంగా లెక్కవేయరు. షుగరు ఉన్నవారికి టీబీ ముప్పు మిగతావారి కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. 2021లో కోవిడ్ రెండో ఉధృతిలో బ్లాక్ ఫంగస్ పేరుతో మనల్ని వణికించిన మ్యూకర్ బూజు ఎక్కువగా పట్టుకున్నది కూడా అదుపు తప్పిన షుగరుకు స్టెరాయిడ్ తోడైనవారినే. దీనికి కృష్ణా డెల్టా మరొకదాన్ని కలుపుతుంది, మెలియాయిడోసిస్ అనే బ్యాక్టీరియా జబ్బు. ఆ క్రిమి వరి మళ్ళలోని బురదలోనూ నీటిలోనూ బతుకుతుంది. పొలం పని చేసే షుగరు రోగికి వానల కాలంలో టీబీలా కనిపించే న్యుమోనియా వచ్చి, కాలేయంలోనో ప్లీహంలోనో చిన్నచిన్న చీముగడ్డలు కూడా ఉంటే ఈ పేరు గుర్తుకు రావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ ఇళ్ళలో రోజుల తరబడి నిలిచినటువంటి నీరు కూడా అడగవలసిన వివరమే.

మందుల కవరును బల్ల మీద కుమ్మరించండి

ఏ మందులు వాడుతున్నారని నోటితో అడిగితే వచ్చే జవాబు సగమే నిజం. దాచాలని కాదు, కొన్నిటిని వాళ్ళు మందులుగానే పరిగణించరు. అందుకని ఇంటి దగ్గర ఉన్నవన్నీ కవరులో వేసుకొని రమ్మని చెప్పి, వచ్చాక దాన్ని బల్ల మీద కుమ్మరించి, ఒక్కొక్క షీటూ చేత్తో తిప్పి చూడాలి.

కిందటి వేసవిలో ఒక పెద్దావిడ నెల రోజుల ఆయాసంతో వచ్చింది. కవరులో బీపీ బిళ్ళలు, గ్యాస్ బిళ్ళలు, కాల్షియం, వాటి అడుగున దినపత్రిక ముక్కలో మడిచిన మూడు పొట్లాలు ఉన్నాయి. విప్పితే ఒక్కొక్కదానిలో రెండు తెల్ల బిళ్ళలు, ఒక పసుపు బిళ్ళ, ఒక చిన్న గులాబీ బిళ్ళ. ఇవేమిటమ్మా అని అడిగితే, "అయ్యేం మందులు కాదండీ, మోకాళ్ళ నొప్పులకి మా ఊళ్ళో డాక్టరుగారిచ్చే పొట్లాలు. రోజుకొకటి. ఏడాదిన్నర నించీ వాడతన్నానండి, అది పడకపోతే లేవలేను" అంది. గుండ్రటి ముఖం, పలచబడి నల్లగా కమిలిన ముంజేతి చర్మం, పొట్ట మీద చారలు చూశాక ఆ గులాబీ బిళ్ళ స్టెరాయిడ్ అని ఎవరూ చెప్పనక్కరలేదు. రోజుకు 20 మి.గ్రా. ప్రెడ్నిసొలోన్ నెల రోజులకు మించి వాడితే న్యుమోసిస్టిస్ నివారణ గురించి ఆలోచించాలన్నది స్థిరపడిన సూత్రం. ఊరి పొట్లంలో ఎన్ని మి.గ్రా. ఉన్నాయో ఇచ్చినవారికే తెలియాలి. కనుక మోతాదు తెలియని స్టెరాయిడ్‌ను ఎక్కువ మోతాదు కిందనే లెక్కకట్టడం నా పద్ధతి. ఆ మందును ఒక్కసారిగా ఆపించకూడదన్న సంగతి కూడా ఇక్కడే గుర్తుంచుకోవాలి, అడ్రినల్ గ్రంథులు అప్పటికే నిద్రపోయి ఉంటాయి.

కవరులో కీళ్ళవాతానికి వాడే మెథోట్రెక్సేట్ కనిపిస్తే వారానికి ఎన్నిసార్లు వేసుకుంటున్నారో వారి నోటనే చెప్పించండి. వారానికి ఒక్కరోజు వేసుకోవలసిన ఆ బిళ్ళను రోజూ మింగి, రక్తకణాలన్నీ పడిపోయి, నోరంతా పుండ్లతో వచ్చేవారు ఇప్పటికీ ఉన్నారు. సరిగ్గా వాడినా అది ఊపిరితిత్తులను వాపు చేయగలదు. కవరులో కనిపించని మందులను విడిగా అడగాలి: "ఏడాది లోపల సెలైన్‌లో కలిపి ఏమైనా సూది ఎక్కించారా?" అన్న ప్రశ్నకే రిటుక్సిమాబ్, కీమోథెరపీ బయటపడతాయి. హెచ్‌ఐవీ గురించి బంధువులను బయటికి పంపి, తలుపు వేసి అడగాలి. పరీక్షకు ఒప్పుకోలు తీసుకోవాలి. ఫలితాన్ని ముందుగా రోగికి చెప్పాలి. బావమరిది చేతికి కాగితం ఇచ్చి పంపడం పద్ధతి కాదు.

జబ్బు నడకను బట్టి

లక్షణాలు మొదలై ఎన్నాళ్ళయిందో తెలుసుకుంటే అనుమానాల పట్టిక సగానికి తగ్గుతుంది. గంటల్లో ముంచుకొచ్చిన ఆయాసం అయితే బ్యాక్టీరియాతో పాటు ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, రక్తస్రావం, రక్తపు గడ్డ అడ్డుపడడం చూడాలి. వారాలుగా నడుస్తున్నదైతే టీబీ, బూజులు, నొకార్డియా, మందుల దుష్ప్రభావం. న్యుమోసిస్టిస్ మాత్రం మనిషిని బట్టి నడక మారుస్తుంది. హెచ్‌ఐవీ ఉన్నవారిలో అది మూడు నాలుగు వారాలు మెల్లగా పొడిదగ్గుతో సాగుతుంది, స్టెరాయిడ్ లేదా కీమోథెరపీ తీసుకుంటున్నవారిలో నాలుగైదు రోజుల్లోనే వెంటిలేటర్ దాకా తీసుకుపోతుంది. రెండో రకంలో క్రిములు తక్కువ, వాపు ఎక్కువ; అందుకే తెమడలో దొరకడమూ కష్టం.

వరండాలో నడిపించి ఆక్సిజన్ చూడడం పైసా ఖర్చు లేని పరీక్ష. కూర్చున్నప్పుడు 96 చూపిన రోగిని వరండా ఆ చివరి దాకా రెండుసార్లు నడిపించండి, లేదా ఒక నిమిషం పాటు కుర్చీలోంచి లేపి కూర్చోబెట్టండి. ఆ అంకె 4 పాయింట్లు పడితే, ఎక్స్‌రే ఎంత శుభ్రంగా ఉన్నా ఇంటికి పంపకూడదు. వేలికి గోరింటాకో నెయిల్ పాలిషో ఉంటే వేరే వేలు చూడండి, చేతులు చల్లగా ఉంటే ముందు వెచ్చబరచండి. ఇప్పటికే ఆక్సిజన్ తక్కువగా ఉండి ఆయాసపడుతున్నవారిని నడిపించకూడదని వేరే చెప్పనక్కరలేదు.

స్టెతస్కోపు పెట్టే ముందు కళ్ళతో చూడవలసినవి ఉన్నాయి. నోట్లో తెల్లపూత, అంగిట్లో నల్లటి మచ్చ, చర్మం మీద మధ్యలో గుంట పడిన చిన్న పొక్కులు, మెడలో గడ్డలు, ఒక కాలి వాపు, ఇవి ఒక్కొక్కటీ ఒక్కొక్క దారి చూపుతాయి. చర్మం మీది పొక్కు నుంచి తీసిన ముక్కలో క్రిప్టోకాకస్ కనిపిస్తే బ్రాంకోస్కోపీ (ఊపిరితిత్తుల్లోకి గొట్టం పంపి చూసే పరీక్ష) అవసరమే రాకపోవచ్చు. శరీరంలో అన్నిటికంటే సులభంగా అందే చోటు నుంచి నమూనా తీయడమే తెలివి.

ఎక్స్‌రే, సీటీ ఎంతవరకు చెబుతాయి

వీరిలో ఎక్స్‌రే మీద నమ్మకం కాస్త తగ్గించుకోవాలి. న్యుమోసిస్టిస్ తొలి రోజుల్లో ఎక్స్‌రే మామూలుగా ఉండవచ్చు. సీడీ4 బాగా పడిపోయిన టీబీ రోగిలోనూ ఉండవచ్చు. న్యూట్రోఫిల్ కణాలు లేనివారిలో చీము పట్టడానికి కణాలే ఉండవు కనుక నీడ కూడా ఆలస్యంగా పడుతుంది, కణాలు తిరిగి లేస్తున్న రోజుల్లో ఎక్స్‌రే ఒక్కసారిగా చెడినట్టు కనిపిస్తుంది. కాబట్టి అనుమానం గట్టిదైతే మరుసటి రోజే సీటీ తీయించాలి, ఎక్స్‌రేలు పేర్చుకుంటూ వారం గడపకూడదు.

సీటీలో రెండు ఊపిరితిత్తుల మధ్య భాగంలో మంచు కమ్మిన అద్దంలా పరచుకుంటే న్యుమోసిస్టిస్, వైరస్, మందుల వల్ల వచ్చిన వాపు, రక్తస్రావం, వీటిలో ఏదైనా కావచ్చు. ముద్ద చుట్టూ మబ్బులాంటి వలయం ఉంటే న్యూట్రోఫిల్ లోపం ఉన్నవారిలో ఆస్పర్‌జిల్లస్ గురించి ఆలోచిస్తాము. మధ్యలో మబ్బు, చుట్టూ దట్టమైన వలయం ఉంటే, ముఖ్యంగా షుగరు రోగిలో, మ్యూకర్ అనుమానించాలి. విత్తనాలు చల్లినట్టు చుక్కలుంటే మిలియరీ టీబీ (రక్తం ద్వారా అంతటా పాకిన టీబీ) ముందు వరుసలో ఉంటుంది. అయితే ఇవేవీ సంతకాలు కావు. సీటీ రిపోర్టులో "ఫంగల్ అయి ఉండవచ్చు" అన్న ఒక్క వాక్యం చూసి నెలల తరబడి ఖరీదైన మందులు వాడిన కుటుంబాలను చూశాను. సీటీ మనకు చెప్పేది నమూనా ఎక్కడి నుంచి తీయాలన్నదే.

ఆస్పర్‌జిల్లస్‌కు సరైన మందు మొదలుపెట్టిన తర్వాత కూడా మొదటి వారం, పది రోజుల్లో సీటీలో ముద్దలు పెరుగుతాయి. మనిషి కుదుటపడుతుంటే, జ్వరం తగ్గుతుంటే, ఆ పెరుగుదలను చూసి మందు మార్చకూడదు. అందుకే రెండో సీటీకి రెండు వారాలు ఆగమంటాము.

తెమడ డబ్బా

ప్రయోగశాలకు వచ్చే తెమడలో చాలా భాగం నిజానికి ఉమ్మి. డబ్బా చేతికిచ్చి "రేపు పొద్దున తీసుకురండి" అని పంపేస్తే జరిగేది అదే. నేను నర్సు చేత ఇలా చెప్పిస్తాను: ఉదయం లేవగానే పళ్ళు తోమకముందే మంచినీళ్ళతో రెండుసార్లు పుక్కిలించాలి, ఆరుబయటకు వచ్చి, నిలబడి, గుండె నిండా మూడుసార్లు గాలి పీల్చి, మూడోసారి బిగబట్టి లోతు నుంచి దగ్గాలి, వచ్చినదాన్ని డబ్బా అంచుకు అంటకుండా వేయాలి. చిక్కగా, పసుపుగానో ఆకుపచ్చగానో, 2 నుంచి 5 మి.లీ. ఉంటే చాలు. తెల్లటి నురుగు వస్తే మళ్ళీ ప్రయత్నించమనాలి. పొడిదగ్గు ఉన్నవారికి 3 శాతం ఉప్పునీటి ఆవిరి పట్టించి తెమడ తెప్పించవచ్చు, కాని అది గాలి బాగా ఆడే విడి గదిలో జరగాలి. పదిమంది వరుసగా కూర్చున్న నెబ్యులైజేషన్ గదిలో ఆ పని చేస్తే ఒకరి టీబీని మిగతావారికి పంచినట్టే.

టీబీకి రెండు నమూనాలు పంపాలి. మైక్రోస్కోపులో కనిపించాలంటే మి.లీ.కు సుమారు 10,000 క్రిములు ఉండాలి. టీబీ క్రిమి జన్యుపదార్థాన్ని వెదికే సీబీనాట్ పరీక్షకు నూటపాతిక, నూటయాభై సరిపోతాయి, టీబీకి ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో కూడా రెండు గంటల్లో చెబుతుంది. ట్రూనాట్ కూడా ఆ కోవలోదే. ఈ రెండూ జాతీయ క్షయ నిర్మూలన కార్యక్రమం కింద ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. హెచ్‌ఐవీ బాగా ముదిరి తెమడ రానివారికి మూత్రంలో చూసే లామ్ పరీక్ష అరగంటలోపే ఆధారం ఇవ్వగలదు. మాంటూ (చర్మం మీద చేసేది), ఇగ్రా (రక్తంలో చేసేది) పరీక్షలు టీబీ ఎప్పుడో సోకిందా అన్నదే చెబుతాయి. జబ్బు ఇప్పుడు నడుస్తున్నదో లేదో చెప్పలేవు, పైగా ఈ రోగుల్లో తప్పుడు నెగెటివ్ ఇస్తాయి. రక్తంలో టీబీ యాంటీబాడీలు చూసే పరీక్షలను మన ప్రభుత్వం 2012లోనే నిషేధించింది. అయినా పాత ఫైళ్ళలో ఆ కాగితాలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి, వాటిని పక్కన పెట్టండి.

ప్రయోగశాల వారితో మాట్లాడడం కూడా పరీక్షలో భాగమే. తెమడలో చీము కణాలు తక్కువగా ఉంటే నమూనా పనికిరాదని తిరస్కరించడం వారి నియమం. న్యూట్రోఫిల్ కణాలే లేని రోగిలో చీము కణాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఆ మాట ఫారం మీద రాయాలి. నొకార్డియా అనుమానం ఉంటే కల్చర్ ప్లేట్లను (క్రిమిని పెంచి చూసే పళ్ళేలను) రెండు మూడు వారాలు ఉంచమనీ, బలహీనమైన ఆమ్లంతో మార్చిన రంగుపరీక్ష చేయమనీ అడగాలి. కొమ్మలు వేసిన సన్నటి దారాల్లా కనిపించే ఆ క్రిమిని టీబీగా పొరబడడం కొత్తేమీ కాదు. నొకార్డియా అని తేలితే తలనొప్పి లేకపోయినా మెదడుకు ఎమ్మారై తీయించాలి. మెలియాయిడోసిస్ క్రిమి కల్చర్‌లో పెరిగినా సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా పేరుతో రిపోర్టు రావచ్చు. జెంటామైసిన్‌కూ కొలిస్టిన్‌కూ లొంగక, అమాక్సిసిల్లిన్-క్లావులనేట్‌కు లొంగే "సూడోమోనాస్" కనిపిస్తే వెంటనే ఫోను చేసి ఆ ప్లేటును మరోసారి చూడమనండి. ఆ అనుమానాన్ని ముందే చెబితే వారు తగిన రక్షణతో పనిచేస్తారు. బురద పొలాల్లో చెప్పులు లేకుండా తిరిగినవారికి స్టెరాయిడ్ పడ్డాక తెమడలో సన్నటి పురుగులు కదలడం కూడా జరుగుతుంది. అది స్ట్రాంగిలాయిడ్స్, పురుగులున్నప్పుడు సాధారణంగా పెరిగే ఇయోసినోఫిల్ కణాలు అప్పుడు పెరగకపోయినా ఆశ్చర్యపడకూడదు.

మన ఎండలను మరచిపోకండి. మాచర్ల నుంచి గుంటూరుకు ఆర్టీసీ బస్సులో, మే నెల మధ్యాహ్నం, మూడు గంటలు ప్రయాణించిన తెమడలో పెరిగేది నోటి క్రిములే. రెండు గంటలు దాటే ప్రయాణమైతే ఐసు పెట్టెలో పంపాలి. రక్తం కల్చర్ సీసాలను మాత్రం ఎప్పుడూ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. ఈ రెంటినీ తారుమారు చేయడం నర్సింగ్ హోముల్లో తరచుగా చూస్తాను.

బ్రాంకోస్కోపీకి ఎప్పుడు పంపాలి

తెమడతో తేలనప్పుడు, మనిషి ఇంకా తట్టుకోగలిగే స్థితిలో ఉన్నప్పుడే పంపాలి. మూడు రకాల యాంటీబయాటిక్‌లు అయిపోయి, నిమిషానికి పది లీటర్ల ఆక్సిజన్ మీదికి చేరాక పంపితే ఆ పరీక్ష చేసేవారికి చేతులు కట్టేసినట్టే. ప్లేట్‌లెట్లు 20,000 పైన ఉంటే సెలైన్‌తో కడిగి నీరు తీయడం సాధారణంగా సాధ్యమే; ముక్క తీయాలంటే 50,000 కావాలి.

కడిగే సెలైన్ 100 నుంచి 150 మి.లీ. వరకు, సీటీ చూపిన చోటనే పోసి, విడతలుగా వెనక్కు లాగుతారు. మొదటి సిరంజి కంటే రెండోది, రెండోదాని కంటే మూడోది ఎర్రబడుతూ వస్తే అది గొట్టం గీసుకున్న రక్తం కాదు, గాలి సంచుల్లో జరుగుతున్న రక్తస్రావం. ఆ సంగతి ఆ గదిలోనే, ఏ రిపోర్టూ రాకుండానే, కళ్ళకు కనిపిస్తుంది. ఆ నీటిని బ్యాక్టీరియా కల్చర్‌కు, సీబీనాట్‌కు, బూజుల కోసం కేఓహెచ్ పరీక్షకూ (క్షారంలో వేసి మైక్రోస్కోపులో చూసేది) కల్చర్‌కూ, గెలాక్టోమన్నాన్‌కు (ఆస్పర్‌జిల్లస్ గోడ పదార్థం), న్యుమోసిస్టిస్ పీసీఆర్‌కు (జన్యుపదార్థ పరీక్ష), సిల్వర్ రంగుపరీక్షకు, అవసరాన్ని బట్టి వైరస్‌లకు పంచాలి. ముందు రోజే సీసాలకు పేర్లు అంటించి పెట్టుకుంటే గందరగోళం ఉండదు. బ్రాంకోస్కోపీ మరునాటి ఉదయం వచ్చే తెమడను కూడా టీబీకి పంపడం మరువకండి, కొన్నిసార్లు అదే పట్టిస్తుంది.

బూజుల పరీక్షలను చదవడంలో జాగ్రత్త అవసరం. కేఓహెచ్‌లో సన్నటి, గోడలున్న, ఇరుకు కోణంలో చీలే దారాలు ఆస్పర్‌జిల్లస్‌వి. వెడల్పైన, గోడలు దాదాపు లేని, లంబంగా చీలే రిబ్బన్లు మ్యూకర్‌వి. మ్యూకర్ అనుమానంతో ముక్క పంపినప్పుడు దాన్ని నూరవద్దని చెప్పాలి, నూరితే ఆ బూజు చచ్చి కల్చర్‌లో పెరగదు. గెలాక్టోమన్నాన్, బీటా-డి-గ్లూకాన్ (చాలా బూజుల గోడల్లో ఉండే పదార్థం) పరీక్షలు రెండూ మ్యూకర్‌లో నెగెటివ్‌గానే ఉంటాయి, కాబట్టి అవి నెగెటివ్ వచ్చాయని బూజు లేదనకూడదు. బీటా-డి-గ్లూకాన్ తక్కువగా ఉంటే న్యుమోసిస్టిస్ కాదని చాలావరకు ధైర్యంగా ఉండవచ్చు. ఎక్కువగా ఉంటే మాత్రం డయాలిసిస్, అల్బుమిన్, ఇమ్యునోగ్లోబులిన్ సీసాలు కూడా దాన్ని పెంచుతాయని గుర్తుంచుకోవాలి. క్రిప్టోకాకస్‌కు రక్తంలో యాంటిజెన్ పరీక్ష తేలికైనది, నమ్మదగినది. హెచ్‌ఐవీ రోగిలో అది పాజిటివ్ అయితే వెన్నునీరు చూడకుండా ఆగకూడదు.

క్రిమి లేని జబ్బులు, రెండు కలిసిన జబ్బులు

జ్వరం ఉన్నంత మాత్రాన క్రిమి ఉందని కాదు. మెథోట్రెక్సేట్, బ్లియోమైసిన్, అమియోడరోన్, క్యాన్సర్‌కు ఇచ్చే కొత్త ఇమ్యునోథెరపీ మందులు ఊపిరితిత్తులను వాపు చేసి, న్యుమోనియాలాగే జ్వరం, దగ్గు, ఆయాసం తెస్తాయి. రేడియేషన్ తీసుకున్నవారిలో కొన్ని వారాల నుంచి నెలల తర్వాత ఆ కిరణాలు పడిన మేరకే నీడ వస్తుంది. లుకేమియా కణాలే ఊపిరితిత్తిలో చేరవచ్చు, కిడ్నీ రోగికి కేవలం నీరు చేరి ఉండవచ్చు. హెచ్‌ఐవీ మందులు మొదలైన కొన్ని వారాలకు టీబీ మరింత చెడినట్టు కనిపిస్తే, తేరుకుంటున్న రోగనిరోధక శక్తి చేసే హడావుడి కావచ్చు. అయితే వీటికి స్టెరాయిడ్ ఇవ్వడానికి ముందు క్రిమి లేదని చేతనైనంత తేల్చుకోవాలి.

మామూలు రోగిలో ఒక జబ్బు దొరికితే వెదకడం ఆపుతాము. వీరిలో ఆపకూడదు. టీబీ మందులు వాడుతుండగా సీబీనాట్ ప్రకారం అంతా సవ్యంగా ఉన్నా ఆయాసం పెరుగుతున్న హెచ్‌ఐవీ రోగికి పక్కనే న్యుమోసిస్టిస్ ఉండవచ్చు. సైటోమెగలో వైరస్ కనిపించిన కిడ్నీ మార్పిడి రోగికి ఆస్పర్‌జిల్లస్ తోడై ఉండవచ్చు.

జవాబు రాకముందే మందు మొదలుపెట్టవలసి వస్తే

నమూనా కోసం ప్రాణాన్ని పణంగా పెట్టకూడదు. న్యూట్రోఫిల్ కణాలు 500 కంటే తక్కువ ఉండి జ్వరం వచ్చినవారికి, రెండు చోట్ల నుంచి రక్తం కల్చర్‌కు తీసి, గంట లోపల మొదటి యాంటీబయాటిక్ పడాలి. సీటీ తర్వాత తీయవచ్చు. ఒక్కొక్క సీసాకు 8 నుంచి 10 మి.లీ. రక్తం కావాలి, రెండు మి.లీ. పోసి పంపితే నెగెటివ్ రావడం వింత కాదు. నాలుగైదు రోజులైనా జ్వరం దిగకపోతే సీటీ తీయించి బూజుల దారి వెదకాలి.

న్యుమోసిస్టిస్ అనుమానం గట్టిగా ఉండి ఆక్సిజన్ పడిపోతుంటే, బ్రాంకోస్కోపీ తేదీ కోసం చూడకుండా కోట్రైమాక్సజోల్ మొదలుపెట్టవచ్చు. మందు పడిన తర్వాత కూడా ఆ క్రిమి ఆనవాళ్ళు కడిగిన నీటిలో చాలా రోజులు మిగిలే ఉంటాయి. బ్యాక్టీరియాకు ఆ సౌకర్యం లేదు. ఒకటి రెండు మోతాదులకే కల్చర్ ఖాళీ అవుతుంది. కాబట్టి ఏ నమూనా ముందు, ఏది తర్వాత అన్నది క్రిమిని బట్టి మారుతుంది. లీవోఫ్లాక్సాసిన్ వంటి మందులను మాత్రం, టీబీ నమూనా ప్రయోగశాలకు చేరేదాకా, నా చేత్తో నేను రాయను.

మంగళగిరి ఎయిమ్స్‌కో మరో పెద్ద ఆసుపత్రికో పంపవలసి వస్తే, చీటీలో "న్యుమోనియా, తగ్గడం లేదు" అని రాసి పంపకండి. రోగనిరోధక లోపం ఏమిటో, ఎన్నాళ్ళుగా ఉందో, స్టెరాయిడ్ మోతాదు ఎంతో, ఏ తేదీన ఏ యాంటీబయాటిక్ మొదటి మోతాదు పడిందో, దానికి ముందు ఏ నమూనాలు తీశారో, వాటిలో ఇంకా ఏ రిపోర్టు రావలసి ఉందో, ఆ ప్రయోగశాల ఫోను నంబరుతో సహా రాయండి. మందుల కవరును కూడా, ఆ పొట్లాలతో సహా, రోగి వెంటే పంపండి.